నీలం రబ్బరు చెప్పులు

వన్ టౌన్, విశాఖపట్నం
ఏప్రిల్, 1995

ప్రియమైన బావకు,

నూకాలు నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తా నేనూ క్షేమం. పారాదీప్‌లో తిండి పడుతోందా? పోర్టువాళ్లు ఏడాదికే పంపారా, ఇంకా ఉంచేస్తారా అని అత్త రోజూ అడుగుతోంది.

పేరు కూడా పలకలేని దేశాలవాళ్లతో మీరు గంటలకొద్దీ మాట్లాడే ఆ రేడియో సెట్‌కు పిడుగు తగలకుండా మీరు చెప్పినట్టే చూసుకుంటున్నాను. యారాడ కొండ మీద మబ్బు నల్లబడగానే మేడ మీది రేకుల గదికి వెళ్తున్నాను. కరెంటు ప్లగ్గు పీకి, సెట్ వెనక ఏరియల్ తీగ విప్పి, కిటికీ అవతల పెట్టిన జాడీలో దాని కొస పడేస్తున్నాను. కుళాయి రాని రోజు కూడా ఎర్త్ గొయ్యిలో బిందెడు నీళ్లు పోస్తున్నాను. అత్త ఊరుకుంటుందా? "ఏటే, ఊరగాయ జాడీలో తీగ ఊరేత్తన్నావా? నాను తానానికి నీళ్లడిగితే సెంబుతో కొలుత్తావు, ఆ గొయ్యికేమో బిందెడు తాగిత్తావు" అంది.

మీరు వెళ్లేముందు పూర్ణా మార్కెట్లో కొనిచ్చిన నీలం రబ్బరు చెప్పులు వేసుకునే పైకి వెళ్తున్నాను. అవి కాళ్లకుంటే పిడుగు ఏమీ చెయ్యదన్నారు కదా. అరిగిపోతాయని వీధిలోకి వేసుకెళ్లడం లేదు.

ఒక్కటే ఇబ్బంది. ఉప్పుగాలికి తీగ చివరి మర బిగుసుకుపోయింది. విప్పడానికి చాలాసేపు పడుతోంది. ఏం చెయ్యాలో రాయండి.

వచ్చే నెల నాకు ఏడో నెల. పద్మనాభం నుంచి అమ్మ వచ్చి పురిటికి తీసుకెళ్తానంటోంది. మీరు సరేనంటే వెళ్తాను.

మీ మాట కోసం చూస్తూ,
నూకాలు


పారాదీప్
మే, 1995

ప్రియమైన నూకాలుకు,

ఉత్తరం అందింది. మర దగ్గర కొబ్బరినూనె చుక్క వెయ్యి. అప్పటికీ తిరగకపోతే గుడ్డ చుట్టి తిప్పు. పట్టకారు వాడొద్దు, గీతలు పడతాయి. తడి చేతులతో సెట్ ముట్టుకోకు.

నువ్వు పద్మనాభం వెళ్తే పైకి ఎవరు ఎక్కుతారు? అమ్మకు మోకాళ్ల నొప్పులు. నా దగ్గర సెట్ పని నేర్చుకున్న ఎల్లాజీ ఉన్నా, అతను మల్కాపురం నుంచి వచ్చేదాకా మబ్బు ఆగుతుందా? ఈ గాలివానలు తగ్గాక వెళ్దువుగాని. తొమ్మిదో నెలలో పుట్టింటికి వెళ్లేవాళ్లు లేరా ఏమిటి.

ఒక్కోసారి నువ్వు మబ్బు చూసుకోకపోవచ్చు. ఉరుములు మొదలయ్యాయని భయపడి కింద కూర్చోకు. చెప్పులున్నాయి కదా, వేసుకుని వెళ్లి తీగ విప్పెయ్యి. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఎంత ఆశపడి కొన్న సెట్టో నీకు తెలుసు. అది పోతే నేను మళ్లీ కొనలేను.

నీ మీదే భారం వేసిన,
రమణమూర్తి


వన్ టౌన్
మే నెలాఖరు

ప్రియమైన బావకు,

మొన్న సాయంత్రం కుళాయి దగ్గర ఉండి మబ్బు చూసుకోలేదు. పైకి వెళ్లేసరికే ఉరుముతోంది. చెప్పులు వేసుకున్నాను. మర కదల్లేదు. నూనె వేశాను, గుడ్డ చుట్టి తిప్పాను. చివరికి ఊడింది. తీగ కొస చేతిలో ఉండగానే వెనకింటి కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. తెల్లటి వెలుగొక్కటే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి గుమ్మం అవతల పడి ఉన్నాను. అత్త నా తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఆ మోకాళ్లతో ఇనప మెట్లు ఎలా ఎక్కి వచ్చిందో.

సెట్‌కి ఏమీ అయినట్టు లేదు. నా కుడిచేయి కాలింది, కట్టు కట్టారు. వేళ్లకు తిమ్మిరి తగ్గలేదు, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి. కడుపులో బిడ్డ నిన్నటి నుంచి కదలడం లేదు. రేపు పెద్దాసుపత్రికి వెళ్తున్నాం.

వీలైతే ఒక్కసారి రండి.

నూకాలు


పారాదీప్
జూన్, 1995

ప్రియమైన నూకాలుకు,

నీ ఉత్తరం చూసి గుండె ఆగినంత పనైంది. సెట్ పైకి బాగానే కనిపించినా లోపల పోయి ఉండొచ్చు. ఎల్లాజీకి రాశాను, వచ్చి చూస్తాడు. అతను వచ్చేదాకా ప్లగ్గు పెట్టకు. జాడీ పగిలి ఉంటే ఇంకోటి పెట్టు, గాజు సీసా అయినా పనికొస్తుంది.

డాక్టరిచ్చిన మందులు వేళకు వేసుకో. ఇప్పుడు సెలవు అడిగితే ఇవ్వరు. అక్కడ ఇంకా వానలున్నాయని పేపర్లో చూశాను. చెప్పులు మరిచిపోకు.

నీ క్షేమం కోరే,
రమణమూర్తి


పద్మనాభం
జూన్, 1995

బావకు,

చిన్నప్పుడు నువ్వు మా ఇంటికి వస్తే నిన్ను నువ్వు అనే పిలిచేదాన్ని. పెళ్లయ్యాక మీరు అనమన్నావు. ఈ ఉత్తరం పాత అలవాటు ప్రకారమే రాస్తున్నాను.

ఎల్లాజీ వచ్చాడు. సెట్ మూత విప్పి చూసి, బాగుందన్నాడు. నీకు ముందు కావలసింది అదే కాబట్టి ముందు రాశాను.

తర్వాత నా చేతికట్టు చూశాడు. "ఉరుముతున్నప్పుడు తీగ పట్టుకున్నావేటి, సెల్లమ్మా?" అని అడిగాడు.

"చెప్పులు వేసుకున్నాను అన్నా" అని తెచ్చి చూపించాను.

అతను నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "సెప్పులేటి? ఆకాశం నుంచి దిగొచ్చీసిన పిడుక్కి ఏలెడు రబ్బరు అడ్డమా? ఉరుము ఇనబడితే సెట్ ముట్టుకోవద్దు, పోతే పోనీ అని నాకు నేర్పిందే మా బావ. ఓసారి నాను పట్టుకోబోతే సెయ్యి మీద ఒక్కటిచ్చి లాగీసినాడు."

అలా అని, తను ఏదో అనకూడనిది అన్నట్టు తల దించుకున్నాడు.

అత్త వంటింట్లోంచి విన్నది. ఎసరు దింపేసి వచ్చి నా చీరలు సర్దడం మొదలుపెట్టింది. "ఆడికి రాయి. ఆడి సెట్టుకి ఆడి అమ్మ కూడా కాపలా కాయదని రాయి" అంది. మర్నాడే మా అమ్మకు కబురు పంపింది.

ఆ చెప్పులు కొన్న రోజు షాపులో నువ్వు కింద కూర్చుని నా కాలికి తొడిగి చూశావు. అందరూ చూస్తున్నారని సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు వెళ్లాక ఆ ఇంట్లో ఎన్నో సాయంత్రాలు ఆ సిగ్గు తలుచుకునే గడిపాను. తెలియక చేశావనుకుంటే ఓర్చుకునేదాన్ని. నీకు తెలుసు. తెలిసే ఎల్లాజీ చెయ్యి వెనక్కి లాగావు. తెలిసే నా కాళ్లకు చెప్పులు తొడిగావు.

ఆసుపత్రిలో నర్సమ్మ నా కడుపుకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. సెట్ ముందు కూర్చుని ఆ గరగరల్లో ఎవరిదో గొంతు కోసం నువ్వు వెతుకుతావు చూడు, అలా వెతికింది. చివరికి దొరికింది. బిడ్డ బతికే ఉంది. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

సెట్‌కి ఇక భయం లేదు. ఎల్లాజీ ఏరియల్ దింపి, తీగలన్నీ చుట్ట చుట్టి మూలన పెట్టాడు. దేనితోనూ సంబంధం లేకుండా ఉంటే దాన్ని ఏ పిడుగూ ఏమీ చెయ్యదట. చెప్పులు దాని మీదే పెట్టి వచ్చాను. నీ కాలికి ఇరుకే. నువ్వు వచ్చిన రోజు ఉరుముతుంటే, అవే తొడుక్కుని వెళ్లి నీ తీగ నువ్వే ముట్టుకో.

రాస్తుంటే ఇక్కడ కూడా మబ్బు పట్టింది. పొలం నుంచి అందరూ వచ్చేస్తున్నారు. అమ్మ లోపలికి రమ్మని పిలుస్తోంది.

వెళ్తున్నాను.

నూకాలు