ఏడు చేతుల అనాథ

అత్తయ్యకు నమస్కారాలు.

ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు కనుక ఈ ఉత్తరం. కంప్యూటర్ని నడిపించే లినక్స్‌కు పేరు ఒక్కటే గానీ దాన్ని పంచే బృందాలు బోలెడు. ప్రోగ్రాముల్ని ఒక్కో బృందానికి ఒక్కో రకంగా మూటగట్టాలి. ఆ మూటలు కట్టే ప్రోగ్రాము ఇప్పుడు నా నెత్తిన పడింది. దాని ఒళ్లు చిన్నది. ఒక్కో బృందం కోసం ప్లగిన్ అనే ఒక్కో చిన్న ముక్కను చేతిలా తగిలించుకుంటుంది, అలా మొత్తం ఏడు. నెలాఖరులోగా ఏడో ప్లగిన్ పనిచేయకపోతే దాన్ని పారేసి, వెనకే నన్నూ పంపుతానని మా పెద్దసారు తేల్చేశాడు.

నీ మేనకోడలు

తా.క. కన్నవాడు వదిలేసి పోయిన అనాథ అది. ఎవరూ ముందుకు రాకపోతే నేనే దత్తత తీసుకున్నాను. ఏడు చేతుల్లో ఒకటి పడిపోయింది. అమ్మకు చెప్పకు.

*

పిల్లా, దీవెనలు తర్వాత.

నీ కంప్యూటరు గొడవ ఎప్పటిలాగే దాటేసి తా.క. చదివాను. కుండీలో మొక్కకు నీళ్లు పోయడం గుర్తుండదు, నీకు దత్తతా? అందులోనూ ఏడు చేతులా? డాక్టరేమన్నాడు? ఆ కన్నవాడి పేరు రాయి. వాడి గుమ్మంలో కూర్చుని నేనడుగుతాను.

మీ నాన్నకు అక్క

తా.క. స్వెటరు మొదలుపెట్టాను. చేతులన్నీ ఒకే పొడవా?

*

అత్తయ్యకు,

నీ తిట్లు ఎప్పటిలాగే దాటేసి ప్రశ్నలకు జవాబు. అన్నీ ఒకే కొలత. చెయ్యి ఏదైనా భుజం దగ్గర కీలు మారకూడదు, అదీ నియమం. ఏడోదాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించినా అతకడం లేదు. పెద్దసారు నా కుర్చీ కొత్తవాడికి చూపిస్తున్నాడు. కన్నవాడి అసలు పేరు తెలీదు. 'నత్తగుల్ల' అని మారుపేరు రాసి పోయాడు. స్వెటరు సంగతి అర్థం కాలేదు. ఈమధ్య నాకేదీ అర్థం కావడం లేదు.

నీ మేనకోడలు

తా.క. నిన్న ఒళ్లు మండి చేతులన్నీ పీకేశాను. మొండెం హాయిగా ఆడుతోంది.

*

పిల్లా,

నీ ఉత్తరం పైకి చదివాను. 'నత్తగుల్ల' అనగానే మీ మావయ్య చేతిలో గ్లాసు జారింది. పెళ్లికి ముందు స్నేహితులు ఆయన్ని అలాగే పిలిచేవాళ్లట.

"అది నాదే" అన్నారు.

"ఎవరితో?" అన్నాను.

"ఒక్కణ్ణే. సాయంత్రాలు కూర్చుని" అన్నాడు ఆ మనిషి.

పెట్టె సర్దుకున్నాను. ఆ బిడ్డను నేనే పెంచుతాను. చేతులు మళ్లీ పెట్టు తల్లీ.

అత్తయ్య

తా.క. ఏడో చెయ్యి అన్నిటికంటే ముందు తగిలించాలట, మిగతావాటికి అదే దారి చూపిస్తుందట. ఇలాంటివి నీకు రాయనని ఆయన మొహం మీదే చెప్పేశాను.

*

అత్తయ్యా, పెట్టె విప్పు.

అది బిడ్డ కాదు, ప్రోగ్రాము. నా మొదటి ఉత్తరం పైభాగం చదువు. ఏడోదాన్ని ముందు తగిలించాను, ఏడూ ఆడాయి. నా కుర్చీ నాకే ఉంది. ఇంతకీ మావయ్య దాన్నెందుకు వదిలేశారు?

నీ మేనకోడలు

*

పిల్లా, ఈసారి దీవెనలు ముందు.

పైభాగం చదివాను. పెట్టె విప్పాను. నువ్వడిగిందే ఆయన్ని అడిగాను. పెళ్లయిన కొత్తలో, "సాయంత్రాలు ఏం చేస్తుంటారు?" అన్నానట. ఆయన చెప్పడం మొదలుపెట్టారట. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయానట. చెప్పడం కంటే మానేయడమే తేలికనిపించిందట. నిన్న కూర్చోబెట్టి చివరిదాకా చెప్పించుకున్నాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. లేవలేదు మాత్రం.

అత్తయ్య

తా.క. స్వెటరు పంపుతున్నాను. ఏడు చేతులకూ బొత్తాలు పెట్టాను, నీకెన్ని కావాలంటే అన్నే తగిలించుకో. ఏడోది ముందు.