సెలవు రోజు లాభాలు

గ్రిమ్స్‌బీ,
శనివారం

ఒరే డారెన్, నా బంగారు మొండిఘటమా,

ఫోన్ ఎత్తవు, తలుపు తీయవు. అందుకే ఈ కాగితాన్ని నీ చిప్స్ బండి షట్టర్ సందులోంచి లోపలికి తోస్తున్నాను. నూనె మరకలు పడకముందే చదువు.

నాన్న నీకిచ్చిన ఈ చిప్స్ బండిని వచ్చే మంగళవారం అమ్మేసి, వచ్చిందంతా ఆ జాస్పర్ వేన్ చేతిలో పోయబోతున్నావని మీ ఆవిడ చెప్పింది. షేర్ల పాఠాలు నేర్పి మనుషుల్ని సింహాలుగా మారుస్తాడట. నిన్ను ఏ సింహంగా మారుస్తాడురా? సముద్రపు కాకి చేప ముక్క ఎత్తుకుపోతేనే కౌంటర్ కింద దాక్కునేవాడివి!

"వాడు మోసగాడు" అని నేనంటే నువ్వేమన్నావు? "నీ మాట ఎవరు నమ్ముతారక్కా? నా పెళ్ళి కేకులో బతికున్న పీతను పెట్టినదానివి" అన్నావు. పెట్టాను. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మళ్ళీ పెడతాను. కానీ ఆ మాట మాత్రం లోపల గుచ్చుకుని ఉండిపోయింది. నవ్వించేవాళ్ళు నిజం చెప్పకూడదని ఎక్కడైనా రాసిపెట్టారా?

సరే, నేను చెప్పను. వాడి నోటితోనే చెప్పిస్తాను. చర్చి హాలు మాట్లాడాను. "సోమవారం అందరికీ సెలవు సార్, జనం విరగబడతారు. మాకు విదేశాల సంగతి తెలియదు, మన లండన్ షేర్లే కొని అమ్మి చూపించండి" అని ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు. నువ్వూ రా. రాకపోతే నీ ఖర్మ. నేను మాత్రం ఊరుకోను.

నీ అక్క,
గెయిల్

గ్రిమ్స్‌బీ,
మంగళవారం

తమ్ముడూ,

ఎదురుగా ఉంటే వెక్కిరించడం తప్ప నాకింకేమీ చేతకాదు. అందుకే మళ్ళీ ఉత్తరం. నిన్న నువ్వు లోపలికి రాలేదు. చెవిన పడినా కళ్ళతో చూడలేదు కాబట్టి ముందు లోపలి సంగతి విను.

హాలు కిక్కిరిసింది. తెర మీద ఆకుపచ్చ గీతలు పైకి పాకుతుంటే, "చూడండి, ఈ క్షణంలో లండన్ మార్కెట్! నా షేరు లేస్తోంది!" అని వేన్ చిందులేశాడు. టీ తాగుతున్నవాళ్ళు కప్పులు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"సార్, ఇవాళ సెలవు కదా. బ్యాంకులు మూశారు. మరి షేర్ మార్కెట్ తెరిచారా?"

"సింహం సెలవు రోజున వేట మానుతుందా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"సింహం మానదు సార్, కానీ అడవికే తాళం వేసుంది" అని, మార్కెట్ వాళ్ళ సొంత ప్రకటన ఫోన్‌లో తీసి గట్టిగా చదివాను. మే నెల మొదటి సోమవారం లండన్‌లో ఒక్క షేరు కూడా చేతులు మారదు. నాలుగు రోజులు నిజంగా వ్యాపారం చేసినవాడికెవడికైనా తెలిసే సంగతి. వాడికి తెలియదు! ఆ గీతలన్నీ ఉత్త బొమ్మలాట. "ఇది... అభ్యాసం కోసం" అని నసిగి, డబ్బు సంచీ ఎత్తుకుని వెనక తలుపులోంచి ఉడాయించాడు. ముందుగా డబ్బు కట్టినవాళ్ళంతా వాడి వెనకే పరిగెత్తారు.

బయట చూస్తే, వాడి తళతళలాడే కారుకు అడ్డంగా నాన్న బండి!

కిటికీ పక్కన నిలబడి నువ్వంతా విన్నావని నాకప్పుడేం తెలుసు? బండి తీయమని వాడు అరుస్తుంటే, నువ్వు తాపీగా షట్టర్ ఎత్తి, "ముందు వీళ్ళ డబ్బు ఇచ్చెయ్యండి సార్. అందాకా చిప్స్ వేయించనా? ఉప్పూ వెనిగర్ ఎక్కువ కావాలా?" అన్నావు చూడు, అప్పుడనిపించింది, వీడు నా తమ్ముడేనని. వాడు అందరి డబ్బూ తిరిగిచ్చాకే బండి కదిపావు.

తర్వాత నువ్వు నా దగ్గరకొచ్చావు. చిప్స్ పొట్లం చేతికిచ్చి, "నీ మాట నమ్మానులే అక్కా" అన్నావు. నేను ముఖం తిప్పుకున్నది వెనిగర్ ఘాటుకే. ఇంకోలా అనుకుంటే తంతాను.

అన్నట్టు, ఇవాళ బండి కొనడానికి వచ్చినాయన చేతులూపుకుంటూ తిరిగి వెళ్ళాడటగా. మంచిది. పొద్దున్న బండి వెనకవైపు చూశావా? తెల్లారకముందే నేనే రంగుతో రాశాను, ఈ అక్షరాలు గోకినా పోవు:

"ఇక్కడ అన్నీ మీ కళ్ళముందే వేగును. సెలవు రోజుల్లో కూడా."

ఎప్పటికీ మారని నీ అక్క,
గెయిల్