ప్రసంగంలో కునుకు తీయను

భస్మ బుధవారం

ఈస్టర్‌కి ముందు ఉపవాసాల శ్రమల కాలం మొదలు. నుదుటి మీద బూడిద పెట్టించుకుని ఒట్టు వేసుకున్నాను. ఈస్టర్ దాకా ప్రసంగంలో కునుకు తీయను! కాఫీ మానేవాళ్ళు, మాంసం మానేవాళ్ళు బోలెడుమంది. నాదే అసలు ఉపవాసం.

కారణం ఉంది. క్రిస్మస్ ఆరాధనలో నా గురక పాటలవాళ్ళ శ్రుతి తప్పించిందట. ఆ రోజే మా ఆవిడ నా పక్కన కూర్చోవడం మానేసి వెనక బెంచీకి వెళ్ళిపోయింది. "ఈస్టర్ దాకా మెలకువగా ఉండండి, మళ్ళీ వచ్చి కూర్చుంటాను" అంది. ఇదెంత పని!

మొదటి ఆదివారం

నిద్రపోలేదు! చీకటితోనే లేచి బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చాను. అయినా కళ్ళు పత్తికాయల్లా చేసుకుని పాస్టరు అయ్యగారినే చూశాను. ప్రసంగం మాత్రం ఎందుకో తెమల్లేదు.

రెండో ఆదివారం

ఇంకా పొడుగు. నోవహు ఓడ ఎక్కించిన జంతువులన్నిటినీ అయ్యగారు పేరుపేరునా దించారు. పిల్లలు ఏడ్చారు. ఇళ్ళల్లో కూరలు మాడాయి. గుడి గంట కొట్టే బాబాయి గుమ్మం దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఒరే, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది బాబాయ్."

"మరి పడుకోవేంరా? నీ తల వాలితేనే కదా అయ్యగారు ఆమెన్ అనేది! ఇన్నేళ్ళూ ఆయనకి అదే గడియారం!"

ఇన్నేళ్ళ సేవ! ఒక్కరైనా చెప్పారా!

మూడో ఆదివారం

సంఘమంతా కుట్ర. పాటలవాళ్ళు కీర్తనని జోలపాటలా సాగదీశారు. నా బెంచీ మీద ఎవరో దిండు పెట్టారు. సంఘపెద్దగారు నా చెవిలో, "కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోరాదూ నాయనా" అన్నారు. ఏదెను తోటలో పాము కూడా ఇంత మెత్తగానే మాట్లాడింది. తొడ గిల్లుకున్నాను. వెనక్కి తిరిగితే ఆవిడ నవ్వింది. చాలు.

నాలుగో ఆదివారం

కళ్ళు మూసిన మాట నిజం. అది ధ్యానం. గురక కాదు, గట్టిగా ఊపిరి తీశాను, అంతే.

మట్టల ఆదివారం

ఊరేగింపులో నిలబడి నిద్రపోయాను. అది లెక్కలోకి రాదు. ఒట్టు కూర్చున్న నిద్రకే!

గుడ్ ఫ్రైడే

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకీ ఏడు ప్రసంగాలు. పండగ రొట్టెల కోసం రాత్రంతా పిండి పిసికి ఉన్నాను. మొదటి మాట విన్నాను. రెండోది సగం విన్నాను. తర్వాత చూస్తే జనం లేచి నిలబడ్డారు. బాబాయి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

"బతికించావురా! మూడో మాటకే ఆమెన్ అనేశారు!"

వెనక బెంచీ ఖాళీ. ఆవిడ ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చాను.

ఈస్టర్

నిన్నంతా ఇద్దరం కలిసే రొట్టెలు కాల్చాం. ఆవిడ నా మొహం చూడకుండానే పళ్ళేలు అందించింది. గుడిలో మాత్రం తిన్నగా నా బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఒట్టు తప్పానుగా?" అన్నాను.

"తప్పారు. అక్కడ ఒక్కదాన్నీ కూర్చోలేకపోతున్నానండీ. జరగండి."

ప్రసంగం మొదలైందో లేదో, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. గురక కూడా! నాకు తీసిపోలేదు. అయ్యగారు నా తల వైపే చూస్తున్నారు. సంఘమంతా చూస్తోంది. నా కళ్ళు కూరుకుపోతున్నాయి. కానీ నా తల వాలితే ఆమెన్ అంటారు. ఆమెన్ అంటే అందరూ లేస్తారు. లేస్తే ఆవిడకి మెలకువ వస్తుంది.

వాల్చలేదు. భోజనాల వేళ దాటిపోయింది. భుజం తిమ్మిరెక్కింది. ఎంత సంతోషంగా ఉందో!

సోమవారం

సంఘం తరఫున బాబాయి ఇంటికొచ్చి గడ్డం పట్టుకుని బతిమాలాడు. కుదరదన్నాను. వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ ఒట్టు. ప్రసంగంలో కునుకు తీయను! ఇద్దరం ఒకేసారి నిద్రపోతే ఆవిడ తల జారిపోదూ?