నడుస్తున్న ఇంజనుకు కొత్త వాల్వు

లాలాగూడ,
జూన్ 3.

గౌరవనీయులైన డాక్టర్ మెహనాజ్ గారికి, రైల్వే వర్క్‌షాపు రిటైర్డ్ ఫిట్టరు బిక్షం నమస్కరించి రాసేది.

నోటిమాట నిలవదని ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నాను. అందుకే మీ ఫోను ఎత్తకుండా కాగితం మీద పెడుతున్నాను. నా గుండె వాల్వుకు సున్నం పట్టిందన్నారు, నమ్మాను. బాయిలరు గొట్టాల్లో సున్నం నేను చూడనిదా! కానీ తొడ దగ్గరి రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపి, పాతదాన్ని తీయకుండా దాని మీదే కూర్చోబెడతారట. అదీ గుండె నడుస్తుండగానే!

అమ్మా, మా దగ్గర ఇంజను ఆపకుండా వాల్వు మీద చెయ్యి వేసినవాడికి ఆ సాయంత్రానికే మెమో వచ్చేది. పాత సామాను విప్పి ఫోర్‌మన్ బల్ల మీద పెడితేనే కొత్తది చేతికిచ్చేవారు. నా మిత్రుడు అల్లాబక్ష్‌కు పదిహేనేళ్ల కింద ఛాతీ తెరిచి పద్ధతిగా చేశారు. నాకూ అలాగే చేయండి. లేదంటే మీ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టను.

ఇట్లు,
సంతకం పెట్టని పేషెంటు,
బిక్షం

తా.క.: ఇది రాయడానికి మూడుసార్లు పడుకుని లేచాను. అందుకే అక్షరాలు మూడు సైజుల్లో ఉన్నాయి.

*

సికింద్రాబాద్,
జూన్ 7.

బిక్షం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా డిపార్ట్‌మెంటంతా చదివింది. ఛాతీ తెరిస్తే గుండెను ఆపాలి, రక్తాన్ని యంత్రం మీద నడపాలి, పాత వాల్వును కత్తిరించి తీయాలి. మంచి పద్ధతే. కానీ అల్లాబక్ష్ గారికి అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. మీకిప్పుడు డెబ్బై తొమ్మిది, కిడ్నీలు కూడా అంతంతమాత్రం. అంత పెద్ద ఆపరేషన్ మీరు తట్టుకోవడం కష్టం. అలాగని వదిలేస్తే? పోయిన నెలలోనే రెండుసార్లు స్పృహ తప్పారు. ఏడాదో, రెండేళ్లో అంతే. మీ దగ్గర దాచను.

కొత్త వాల్వును మడిచి, పెన్సిలంత సన్నని గొట్టంలో పెట్టి గుండె దాకా పంపిస్తాం. కొద్ది సెకన్లు గుండెను ఎంత వేగంగా కొట్టిస్తామంటే, అది వణుకుతుందే తప్ప రక్తం తోయదు. ఆ కాస్త సందులో వాల్వు పువ్వులా విచ్చుకుంటుంది. పాతది గోడకు ఒత్తుకుపోయి కొత్తదానికి ఆసరా అవుతుంది. మీకు పట్టిన సున్నమే దానికి పట్టు! రెండు వందల సార్లు చూశాను. ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీ సంతకం కోసం ఎదురుచూస్తూ,
మెహనాజ్

తా.క.: కొత్త వాల్వు రెక్కలను ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేస్తారు. ముందే చెప్పడం మంచిది కదా.

*

లాలాగూడ,
జూన్ 12.

డాక్టరమ్మకు బిక్షం నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెన్సిలంత గొట్టం! నేను పుట్టకముందు నుంచి ఒక్క షిఫ్టు కూడా ఆగని ఇంజను, దాన్ని ఆపకుండా, లోపలికి తొంగి చూడకుండా పార్టు మార్చడం! ఆ పని కనిపెట్టినవాడు ఎదురుగా ఉంటే ఈ వయసులోనూ కాళ్లకు మొక్కేవాణ్ణి.

నిజం చెప్తున్నాను, పద్ధతి గురించి కాదు నా గొడవ. భయం వేసింది. నడుస్తున్న మిషను దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. కానీ బతకాలనుంది. సంతకం పెట్టిన కాగితం జతచేస్తున్నాను.

ఇట్లు,
సంతకం పెట్టిన పేషెంటు,
బిక్షం

తా.క.: ఆవు సంగతి తెలిసినప్పటి నుంచి మా ఆవిడ కాంతమణి నన్ను కసరడం మానేసింది. "గోమాత వచ్చి నీ గుండెల కూసుంటదంటే ఇగ నిన్నేమంట తియ్" అంటోంది. యాభై ఏళ్లలో ఏ డాక్టరూ ఇంత మేలు చేయలేదు.

*

లాలాగూడ,
జులై 11.

డాక్టర్ మెహనాజ్ గారికి,

ఇది ఫిర్యాదు. జూన్ 20న నన్ను లోపలికి తీసుకెళ్లారు. మత్తు కొంచెమే ఇచ్చారు కాబట్టి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గంటలో "అయిపోయింది పెద్దాయనా" అన్నారు. మూడో రోజు ఇంటికి పంపారు. మా షాపులో బ్రేకు వాల్వు మార్చడానికే పూర్తి షిఫ్టు పట్టేది!

నిన్న అల్లాబక్ష్ నేరేడ్‌మెట్ నుంచి వచ్చి నా చొక్కా విప్పించి చూశాడు. "ఏందీ బిక్షం, నీ మీద గీత సుత లేదు. నిన్ను పండబెట్టి లేపిన్రు, గంతే" అన్నాడు. పైగా అతని ఛాతీకి చెవి పెడితే గడియారంలా టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. నా దగ్గర కాంతమణి అరగంట చెవి పెట్టి విన్నది. మామూలు గుండె చప్పుడే తప్ప టిక్కు లేదు. టిక్కు లేకపోతే వాల్వు లేనట్టే కదా?

ముసలివాడు భయపడుతున్నాడని జాలిపడి ఊరికే పంపేశారు. జాలి వద్దు, పని కావాలి. ఎప్పుడు చేస్తారో రాసివ్వండి.

ఇట్లు,
వాల్వు అందని పేషెంటు,
బిక్షం

తా.క.: పోస్టులో వేస్తే ఆలస్యమని నేనే తెచ్చి ఇస్తున్నాను.

*

సికింద్రాబాద్,
జులై 11, సాయంత్రం.

బిక్షం గారికి,

మీరు వెళ్లి గంటయింది. అల్లాబక్ష్ గారిది లోహపు వాల్వు, అందుకే ఆ టిక్కు. మీ ఆవు పొర మెత్తగా మూసుకుంటుంది, దానికి ఆ చప్పుడు ఉండదు. ఈ మాట చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచాను. మీరు చెప్పనివ్వలేదు.

అయ్యా, మధ్యాహ్నం నుంచి మా లిఫ్టు పనిచేయడం లేదు. నా గది నాలుగో అంతస్తులో ఉంది. మీరు మెట్లన్నీ ఎక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, నిలబడి ఇరవై నిమిషాలు నన్ను తిట్టారు. ఒక్కసారి కూడా ఊపిరి కోసం ఆగలేదు. మొదటిసారి వచ్చినప్పుడు మీ పేరు, ఇంటి నంబరు చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగారు. మీరు తిడుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపమొచ్చి కాదు.

అభినందనలతో,
మెహనాజ్

తా.క.: లిఫ్టు ఆగకముందే వచ్చి బయట కూర్చున్న రోసమ్మ అనే ఆవిడ సీతాఫల్‌మండిలో కూరగాయలు అమ్ముతుంది. మీ జబ్బే. రెండు నెలలుగా ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. మీరు వెళ్లగానే లోపలికొచ్చి, "గంతసేపు ఒర్లిన ముసలాయనకు ఏం చేసిన్రమ్మా?" అని అడిగింది. చెప్పాను. "అయితే గాయినకు చేసిందే నాకు సుత చేయుండ్రి" అని అక్కడికక్కడే వేలిముద్ర వేసింది.