నాంచారమ్మ ముక్కు

బందరు, 1998 నవంబరు, మంగళవారం

పరీక్షలో పక్కవాళ్లు అందించకూడదని ఈ జనానికి ఎన్నిసార్లు చెప్పాలి! వైరల్ జ్వరం తగ్గాక తిండి సయించట్లేదని ఎండుచేపలమ్మే నాంచారమ్మ కోడల్ని వెంటబెట్టుకుని నా ఆసుపత్రికి వచ్చింది. వాసన పోయిందేమోనని అనుమానమొచ్చి, కళ్లు మూయించి ముక్కు దగ్గర కాఫీపొడి సీసా పెడితే, "కాఫీ, అత్తా!" అని కోడలు గుసగుస. లవంగాలకీ అంతే. ఒళ్లు మండి కోడల్ని వరండాలోకి పంపేశాను. ఈసారి ఖాళీ సీసా పెట్టాను. నాంచారమ్మ గట్టిగా పీల్చి, "కర్పూరమండీ" అంది.

"ఎందుకమ్మా అబద్ధం?" అని కసిరాను.

"వాసన తెలీనిదాని దగ్గర చేపలెవరు కొంటారండీ? నెల్నాళ్లుగా సరుకు వాసన చూసి కోడలే నా చెవిలో చెబుతోంది. నేను బేరమాడతాను."

దీనికి మందు లేదు. లేచి వెళ్లి కోడల్ని లోపలికి పిలిచాను. ఆవిడకి మిగిలిన ఒక్క ముక్కునీ వరండాలో నిలబెట్టింది నేనే మరి.