మా అక్క మందు పుచ్చుకొనుటకు ఉత్తర్వు కోరుట

ఆరోగ్య సాయం కార్డుల విభాగం పై అధికారి గారికి,

అయ్యా,

విషయం: మందు మానవలెనన్న తమ ఉత్తర్వును ఈ రోజే రద్దు చేయుట గురించి.

బోర్డులు రాసుకుని బతికే పెయింటరును. ఆసుపత్రి వరండాలో బల్ల చివర కూర్చుని వినయముగా వ్రాసుకొను మనవి.

1. మా అక్కకు షుగరు ఉన్నది. దానితోపాటు దిగులు జబ్బు కూడా ఉన్నది. షుగరు డాక్టరు కింది అంతస్తులో, మనసు డాక్టరు పై అంతస్తులో కూర్చుందురు. ఒకరు రాసిన చీటీ రెండోవారు చూడరు. పరీక్షలు మాత్రం ఇద్దరూ మళ్ళీ మొదటినుంచీ చేయిస్తారు. తమరిచ్చిన కార్డు ఉన్నన్నాళ్ళు ఎలాగో ఈదుకొచ్చాము.

2. కార్డు కొనసాగింపు విచారణకై తమ ఇన్‌స్పెక్టరు గారు మా ఇంటికి దయచేసినారు. కుట్టుమిషను ముందు కూర్చున్న అక్కను "మందు అలవాటుందా?" అని అడిగినారు. పిచ్చిది, ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఏళ్ళ తరబడి ఉందండీ. పొద్దున్నే పడకపోతే చేతులు వణుకుతాయి. రాత్రి పడితే తప్ప నిద్ర రాదు." వారు తల ఊపి, మా ఇంట్లో మంచినీళ్ళు తాగి, ‘మందుకు బానిస’ అని వ్రాసుకుపోయినారు. నేను బోర్డు మీద అక్షరానికింత అని తీసుకుంటాను. వారు ‘మందులు’ అని రాసి ఉంటే ఆ ‘లు’ ఖర్చు నేనే పెట్టుకునేవాడిని.

3. కార్డు ఆగిపోయింది. రెండు రకాల మందులూ కొనే తాహతు లేక, మనసు మందు ఆపి షుగరు మందు మాత్రం కొన్నాము. అక్కకు దిగులు తిరగబెట్టింది. సరిగ్గా అప్పుడే "మందు పూర్తిగా మానినచో పునఃపరిశీలింపబడును" అని తమ సంతకంతో ఉత్తర్వు వచ్చింది. నేను చదివి నవ్వాను. అక్క నవ్వలేదు. "నా రోగాలతో నీ ఇల్లు గుల్ల చేస్తున్నానురా. పెద్దాఫీసు వాళ్ళే మానెయ్యమంటున్నారు, వాళ్ళకి తెలీదా?" అంది. ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురు చూస్తున్నట్టుంది. నాకు చెప్పకుండా ఇన్సులిను మానేసింది.

4. తమ ఇన్‌స్పెక్టరు గారు రెండోసారి వచ్చేసరికి అక్క మంచం మీద రొప్పుతూ, మాట తడబడుతూ ఉంది. షుగరు హద్దు దాటితే నోటినుంచి మాగిన పళ్ళ వాసన వస్తుందట, డాక్టరు తర్వాత చెప్పారు. ఇన్‌స్పెక్టరు గారు వంగి వాసన చూసి, "పట్టపగలే వేసేసింది. ఆడమనిషేనా!" అని ముక్కు మూసుకున్నారు. "సార్, మనిషి పోయేలా ఉంది, మీ జీపులో ఆసుపత్రిదాకా..." అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "మత్తు దిగాక తనే లేస్తుందిలే" అని జీపెక్కారు.

5. ప్రస్తుతము అక్క పెద్ద వార్డులో ఉన్నది. స్పృహ వస్తూ పోతూ ఉన్నది. నర్సు సూది తెస్తే చేయి లాక్కుంటున్నది. సెలైను గొట్టం పీకేసుకున్నది. "వద్దమ్మా, ఆఫీసు వాళ్ళు మళ్ళీ వస్తారు, కార్డు పోతుంది" అంటున్నది. డాక్టరు చెప్పినా, నేను చెప్పినా వినదు. తమ ముద్ర ఉంటేనే నమ్ముతుంది.

కావున, ‘నీవు మందులు వేసుకోవచ్చు’ అని ముద్ర కొట్టి ఒక్క ముక్క ఇప్పించ ప్రార్థన. కార్డు ఇవ్వకపోయినా సరే, మళ్ళీ మీ గుమ్మం తొక్కను. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువగా వస్తోంది. దాన్ని అర్జీలో ఏ నంబరు కింద రాయాలో తెలియలేదు.

తీరిక చిక్కినప్పుడు కాదు, ఇప్పుడే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మందుకు బానిసైన ఆమె తమ్ముడు

తా.క.: ఈ అర్జీని తమ కౌంటరులో తిప్పి ఇచ్చేశారు. "మందు నీకా, ఆమెకా? ఆమె వేలిముద్ర లేకపోతే తీసుకోం" అన్నారు. వార్డుకు పరుగెత్తాను. అప్పటికే ముఖం మీదికి దుప్పటి లాగేశారు. నర్సుకు ఇలాంటివి అలవాటే కాబోలు, సిరా పెట్టె తెచ్చిచ్చింది. "తొందరగా వేయించండి, కాసేపైతే వేళ్ళు బిగుసుకుపోతాయి" అంది. ముద్ర చక్కగా పడింది. ఇక తీసుకోండి.