చెప్పని కిటుకు

ప్లెయిన్స్‌బరో, అమెరికా

అమ్మకి,

నీ స్రవంతి దండాలు. ఇక్కడ చలి ముదిరింది కానీ నా గది వెచ్చగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, రఘు అన్నయ్య, రాగిణి వదిన చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. వదిన రాత ముత్యాల్లా ఉంది. కానీ అందులో "నేను క్షేమముగా ఉన్నాను, నీ యోగక్షేమములు తెలుపగలవు" అన్నది ఎవరో నాకు తెలియలేదు. నువ్వు "బాగుండా" అంటావు. నీ మాటలు నేను రాసిపెట్టినన్నాళ్లూ "బాగుండా" అనే రాశాను. మన ఇంట్లో మొదట అక్షరం నేర్చింది నేను. బస్సు బోర్డు, మందుచీటీ, బ్యాంకు గుమాస్తా విసుగు, అన్నీ నా నోటి మీదుగానే నీ దగ్గరికి వచ్చేవి. ఇప్పుడు వదిన నోటి మీదుగా వస్తున్నాయి. వదిన డిగ్రీ చదివింది, మంచిదే. "మంచిదే" అని రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

"ఆ చైనా ఆయన నీకేమన్నా కూడు పెడతా ఉండాడా, ఎప్పుడూ ఆయన మాటే" అని అడిగావు. ఆ ఒక్క వాక్యం నీదే. వదిన దిద్దడం మరిచిపోయినట్టుంది. పెడుతున్నాడమ్మా. ఆయన మీద థీసిస్ రాస్తున్నందుకే యూనివర్సిటీ నాకు జీతమిస్తోంది. ఆయన పేరు షెన్ యువాన్. వరి పండించే ఇంట్లో పుట్టి, ఆ ఇంటి నుంచి మొదట బడికి వెళ్లినవాడు. దుబాసీగా మొదలుపెట్టి, జెనీవాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసి, చివరికి స్టాక్‌హోమ్‌లో చైనా రాయబార కార్యాలయానికి పెద్ద అధికారి అయ్యాడు. పరాయి ఊళ్లో తన దేశం తరఫున మాట్లాడటం ఆయన ఉద్యోగం. 1949లో చైనాలో ప్రభుత్వం మారిపోయింది. కొన్నాళ్లకి కొత్త ప్రభుత్వం మనుషులు ఆ కార్యాలయం తాళాల కోసం వచ్చారు.

ఆ రోజు సంగతి ఆయన కూతురు చెప్పింది. ఎనభై దాటిన మనిషి, ఇక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. తండ్రి కొత్తవాళ్లని గదిగదికీ తిప్పి, ఏ తాళం ఎక్కడిదో, ఏ మంత్రి ముందు ఏ మాట ఎత్తకూడదో విడమరిచి చెప్పాడట. హాల్లో చలికాచుకునే పొయ్యి ఉంది. దాని వెనక రేకుమూత సగం పక్కకి లాగి వెలిగిస్తేనే పొగ పైకి పోతుంది. అదొక్కటే చెప్పలేదట.

"వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు అనేవాడు నాన్న. ఆ చలికాలమంతా కొత్తాయన దగ్గుతూ విందులిచ్చాడని విని ఎంత సంతోషించాడో" అని నవ్వింది. "ఇది కూడా రాస్తావా?"

రాస్తానన్నాను. ఆమె దగ్గర సెలవు తీసుకుని కారెక్కాను.

"అంత మంచి స్టోరీ దొరికింది కదే, ఆ ఫేస్ ఏంటి?" అంది డ్రైవ్ చేస్తున్న నీహారిక, నా రూమ్‌మేట్.

"మా వదిన మీద కుళ్లు."

"కాల్ చేసి తిట్టెయ్ మరి."

"తిట్టడానికి ఆమె ఏమీ చేయలేదు."

"ఓహ్. అయితే కష్టమే" అంది.

వదినా, ఇక్కడి నుంచి పైకి చదవకు. ఈ ముక్క నీకు.

పోయిన నెల ఫోన్ చేసి, అమ్మ కంటి ఆపరేషన్‌కి ఒప్పుకోవడం లేదు, ఆలస్యమైతే చూపుకే ముప్పని డాక్టర్ అంటున్నాడు, ఎలా ఒప్పించాలని అడిగావు. నాకేం తెలుసు అన్నాను. తెలుసు. షెన్ గారిని ఎవరూ అడగలేదు. నన్ను నువ్వు అడిగావు. నీ వల్ల కాకపోతే అమ్మ నన్నే తలుచుకుంటుందని అనుకున్నాను. మొన్న గడప కనపడక పడిందని అన్నయ్య చెప్పేదాకా అలాగే అనుకుంటూ కూర్చున్నాను.

అమ్మని "వెళ్దామా" అని అడగకూడదు. "చూద్దాంలే" అంటుంది, అంటే రానని. "ఏ చీర కట్టుకుంటావు" అని అడగాలి. చీర గురించి ఆలోచనలో పడిందంటే బయల్దేరినట్టే. చిన్నప్పటి నుంచీ బ్యాంకుకైనా, పెళ్లికైనా అలాగే తీసుకెళ్లాను. ఇక ఇది నీది. ఇస్తున్నప్పుడు కూడా కడుపు మండుతూనే ఉంది, దాచను. అందుకే ఈ ఒక్కసారికి అడిగేది నేను. గొంతు నీది. ఇక గట్టిగా చదువు.

అమ్మా, కావలి కంటి ఆసుపత్రికి ఏ చీర కట్టుకుంటున్నావు? వంకాయరంగుదా, అన్నయ్య పెళ్లికి కొన్న పచ్చదా? జవాబు వదినతో రాయించు. నువ్వు అన్నది అన్నట్టే రాయమను.

ఇట్లు,
నీ కూతురు, రాగిణి వదినకి ఆడపడుచు,
స్రవంతి